సంబంధిత శాఖలు

"సంబంధిత శాఖల సమన్వయంతో తగు చర్యలు తీసుకోవలసి ఉంది."

మున్సిపల్ ఇంజనీరుగా పనిచేసిన ఇరవై మూడేళ్లలో ఈ వాక్యం ఎన్ని ఫైళ్లలో రాశానో లెక్క లేదు. రాసిన ప్రతిసారీ మనస్ఫూర్తిగానే రాశాను. రోడ్డు ఒకరిది, దాని కింద పైపు ఇంకొకరిది, పక్కన కాలువ వేరొకరిది అయినప్పుడు అందరూ కలిసి చేయాలని రాయక ఇంకేం రాస్తాం? ఆ వాక్యంలో ఒక్క మనిషి పేరు కూడా లేదన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలియజెప్పినవాడు కంపాలా నగరంలో సెప్టిక్ ట్యాంక్ బండి నడిపే ఒక డ్రైవరు.

2016లో ఒక సలహా బృందంలో సభ్యురాలిగా ఉగాండా రాజధానికి వెళ్లాను. నగరంలో మరుగుదొడ్డి గోతుల్లో చేరే మలినం ఇంటి నుంచి శుద్ధి కేంద్రం దాకా పోయే దారిలో ఏ పని ఎవరిదో పట్టిక వేయాలి. ఆ పనివాళ్ల మధ్య పొందిక కుదరడానికి ఏం చేయాలో రాయాలి. అదీ నాకు అప్పగించిన పని. ఇలాంటివి మన దగ్గర ఎన్నో చేశానన్న ధీమాతోనే విమానం ఎక్కాను.

కంపాలా గుట్టల ఊరు. గుట్టల మీద కలిగినవాళ్లు, గుట్టల నడుమ పల్లంలో లేనివాళ్లు. ఆ పల్లపు నేలలు ఒకప్పుడు నిలువెత్తు పపైరస్ గడ్డి పెరిగిన చిత్తడి. మట్టి పోసి, మీద ఇళ్లు కట్టుకున్నారు. ఏ చెత్తకుప్ప మీద చూసినా కరోలి అని పిలిచే, మనిషి నడుమెత్తు దాటిన బోడితల కొంగలు నిలబడి ఉంటాయి. 2014 జనాభా లెక్కల్లో నగరంలో ఉన్నది 15 లక్షల మంది. పగటిపూట చుట్టుపక్కల నుంచి పనికి వచ్చేవాళ్లతో కలిపితే ఆ సంఖ్య రెట్టింపు దాటుతుంది. అప్పట్లో భూగర్భ డ్రైనేజీ పదిమందిలో ఒకరికి కూడా అందేది కాదు. మిగిలిన అందరిదీ గొయ్యి, లేకపోతే సెప్టిక్ ట్యాంకు. గొయ్యి నిండితే ఎవరో ఒకరు తోడాలి, ఎవరో మోయాలి, ఎక్కడో దింపాలి. పైపు వేసి మరిచిపోయే ఏర్పాటు కాదది, ప్రతిరోజూ మనుషుల చేతుల మీదుగా నడవాల్సిన పని.

అక్కడివాళ్ల లుగాండా భాషలో మరుగుదొడ్డిని కబుయోంజో అంటారు. శుభ్రం అనే మాట నుంచి పుట్టిన పేరు. మనం మరుగు అన్నాం, దొడ్డి అన్నాం, అంటే కంటికి కనపడకుండా దాచిన చోటు. వాళ్లు పేరులోనే శుభ్రతను పెట్టుకున్నారు. మొదటివారం ఈ తేడా విన్నప్పటి నుంచి నా మనసులో తిరుగుతూనే ఉంది. కంటికి మరుగైనదాన్ని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న కూడా దానితోపాటే తిరిగింది.

పట్టిక వేయడం మొదలుపెట్టాను. మురుగు పైపులు, శుద్ధి కేంద్రాలు జాతీయ జల, మురుగునీటి సంస్థవి. అది 1972లో పుట్టింది, దేశంలోని ఎన్నో పట్టణాలకు పనిచేస్తుంది. ఇంటికి మరుగుదొడ్డి ఉందో లేదో చూడడం, ప్రజారోగ్య చట్టాన్ని అమలు చేయడం కంపాలా రాజధాని నగర పాలక సంస్థ బాధ్యత. 2010 నాటి చట్టంతో ఏర్పడిన ఆ సంస్థకు జనం ఎన్నుకున్న లార్డ్ మేయరు ఒకరు, దేశాధ్యక్షుడు నియమించే కార్యనిర్వాహక డైరెక్టరు ఇంకొకరు. మలినం మోసే బండికి అనుమతి ఇచ్చేది పర్యావరణ సంస్థ. ఇళ్లలో పరిశుభ్రత ఆరోగ్య శాఖది, బడి మరుగుదొడ్లు విద్యాశాఖవి, మురుగు పైపుల సంగతి జల శాఖది అని 2001లో మూడు మంత్రిత్వ శాఖలూ ఒప్పందం రాసుకున్నాయి. నగరాన్ని చుట్టుకుని ఉన్న వాకిసో జిల్లాకు తన యంత్రాంగం వేరే ఉంది. వీధిలో ఎల్‌సీ వన్, అంటే వీధి స్థాయి స్థానిక మండలి, ఛైర్మన్ ఉంటాడు, అతనికి తెలియకుండా సందులో గునపం దించలేరు. ఇక బండ్లన్నవి ఎక్కువగా ప్రైవేటువాళ్లవి. వాళ్లకో సంఘం ఉంది.

వీటన్నిటికీ అడుగున నేల ఉంది. 1900లో బ్రిటిషువాళ్లు బుగాండా రాజ్యంతో ఒప్పందం చేసుకుని భూమిని చదరపు మైళ్ల లెక్కన పెద్దలకు పంచారు. ఆ మైలు నుంచే 'మైలో' అన్న పేరు నిలిచింది. ఈ రోజుకీ కంపాలాలో నేల ఒకరిది, దానిమీద ఇల్లు ఇంకొకరిది, ఆ ఇంట్లో అద్దెకున్నది మూడోవాళ్లు. పక్కాగా సిమెంటు గొయ్యి కట్టాలంటే ఎవరి సమ్మతి కావాలి? డబ్బు ఎవరు పెట్టాలి? నా పట్టికలో నేల సొంతదారుకు గడి లేదు. ఆ మాట తట్టింది కూడా తర్వాతే.

ఇరవై రెండు పనులు, తొమ్మిది సంస్థలు. గడులన్నీ ఒక్కొక్కటే నిండాయి. నాలుగు గడుల దగ్గర మాత్రం చేయి ఆగింది. అందులో ఒకటి ఇది: గొయ్యి దగ్గర నుంచి బండి ఆగే చోటి దాకా మలినం చేర్చడం. ఏ చట్టంలో వెతికినా అది ఎవరి పనీ కాదు. ఇరుకు సందు, బండి దూరదు. రోడ్డు దాకా ఎవరో మోయాలి. ఇరవై మూడేళ్ల అలవాటు చేతికి సాయం వచ్చింది. నాలుగు గడుల్లోనూ ఇంగ్లీషులో 'రెలెవెంట్ ఏజెన్సీస్' అని రాసేశాను. మన సంబంధిత శాఖలే.

పట్టికను గోడ మీద చూపిస్తూ సమావేశంలో వివరించాను. కార్యాలయాలవాళ్లు తలలూపారు. బండ్ల సంఘం తరఫున వచ్చిన నడివయసు డ్రైవరు ఒకాయన చివరి వరుసలో కూర్చుని పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఆ రెలెవెంట్ ఏజెన్సీస్ ఆఫీసు ఎక్కడుందో నాకు తెలియదు. ఫోన్ నంబరు ఇస్తారా? రాత్రిపూట సందు దగ్గర ఇరుక్కున్నప్పుడు చేస్తాను."

ఎవరూ నవ్వలేదు. ఆయన వేళాకోళానికి అడగలేదని గదిలో అందరికీ తెలుసు. పెద్దక్షరాలతో రాసి ఉంది కాబట్టి నిజంగానే అదొక ఆఫీసు పేరనుకున్నాడు. నంబరు రాసుకోవడానికి పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. నా దగ్గర నంబరు లేదు. తర్వాత చెప్తానని అన్నాను. ఆయన కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు. ఆ కృతజ్ఞత నాకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు ఆయనకే ఫోన్ చేసి, ఒకరోజు మీ వెంట వస్తానని అడిగాను.

తెల్లవారకముందే బ్వాయిసె చేరాం. నగరానికి ఉత్తరాన కవెంపె డివిజన్‌లో ఉన్న పల్లపు బస్తీ అది. రెండడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. అందుకని అక్కడ గొయ్యి నేలలోకి కాకుండా నేల మీదికి కడతారు. మరుగుదొడ్డికి వెళ్లాలంటే మెట్లెక్కాలి. మేం వెళ్లిన ఇంట్లో ఏడు మెట్లు. ఇంటావిడ పెద్దామె. అందరూ ఆమెను జ్జాజ్జా అని పిలిచారు. అమ్మమ్మ, నానమ్మ, తాత, అందరికీ అక్కడ ఆ ఒక్క పిలుపే. ఆమెకు వరసగా ఆరు ఒంటిగది పోర్షన్లు ఉన్నాయి. ముజిగో అంటారు వాటిని. ఆరు కుటుంబాలకూ కలిపి ఆ ఏడు మెట్ల మీది మరుగుదొడ్డి ఒక్కటే, తాళం చెవి తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది.

బండి సందు మొగలోనే ఆగిపోయింది. ఇద్దరు కుర్రాళ్లు గల్పర్ పట్టుకుని దిగారు. మన పాతకాలపు చేతిపంపు లాంటిదే, నీళ్లకు బదులు చిక్కటి మలినాన్ని లాగుతుంది. కానీ పంపు దించేముందు ఇంకో పని ఉంది. పొడుగాటి కొక్కేలతో గోతిలోని గుడ్డలు, సీసాలు, చెప్పులు, ప్లాస్టిక్ సంచులు బయటికి తీయాలి. చెత్తబండి రాని సందులో చెత్త వేయడానికి ఉన్న గొయ్యి అదొక్కటే. చెత్త ఒక విభాగం, మలినం ఇంకో విభాగం అని నా పట్టికలో రెండు వేర్వేరు వరసలు వేశాను. ఇక్కడ రెండూ ఒకే గోతిలో ఉన్నాయి. ఆ చెత్త తీయడానికే గంటన్నర పట్టింది. తీసిన చెత్త ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేకపోయారు. ఒక మూల గోనెపట్టా పరిచి పోశారు.

తర్వాత పంపు దించి మూతల పీపాల్లో నింపారు. ఒక్కో పీపా ఇద్దరు మోసుకుని సందులో నడవాలి. మురుగుకాలువ మీద చెక్కపలక, ఆ పలక మీద అడుగు. బడికి వెళ్లే పిల్లలు గోడకు ఒత్తుకుని దారి ఇచ్చారు. నేను లెక్కపెట్టాను, సందు మొగ దాకా నూట నలభై అడుగులు. నా పట్టికలో ఎవరి పేరూ లేని ఆ గడి పొడవు నూట నలభై అడుగులన్నమాట. ఆ దూరాన్ని రోజూ ఈ ఇద్దరు కుర్రాళ్లే దాటిస్తున్నారు. చేతులకు తొడుగులున్నాయి, ఒకడి తొడుగు బొటనవేలి దగ్గర చినిగి ఉంది.

మధ్యలో వాన పట్టింది. పక్కింటి గోడలోంచి నల్లటి నీళ్లు కాలువలోకి దూకడం చూసి అదేమిటని అడిగాను. వాన పడ్డప్పుడు గోతి గోడకు అడుగున ఉన్న గొట్టం బిరడా తీసేస్తారని జ్జాజ్జా దాపరికం లేకుండా చెప్పింది. వానే కొట్టుకుపోతుంది, డబ్బు ఖర్చుండదు. తనూ రెండేళ్ల క్రితం దాకా అదే చేసేదట. కింది ఇళ్లలో ఒక పసివాడికి విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికి వచ్చాక మానేసిందట. "ఆ నీళ్లు ఎవరి ఇంట్లోకి పోతాయో తెలిశాక మనసు ఒప్పలేదు" అంది. ఒకసారి గొయ్యి తోడించడానికి ఆమెకు రెండు గదుల నెల అద్దె అవుతుంది. పక్కింటివాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

బ్వాయిసె కాలువలు లుబిగి చిత్తడి వైపు పోతాయి. నగరం నడిబొడ్డు కాలువలు నకివుబోలో కలుస్తాయి. నకివుబో వెళ్లి విక్టోరియా సరస్సు అంచున మర్చిసన్ అఖాతంలో పడుతుంది. నగరానికి దశాబ్దాలుగా తాగునీళ్లు తోడుతున్న గబ్బా కేంద్రం ఉన్నదీ ఆ అఖాతం మీదే. నకివుబో పక్క పల్లంలో బిరడా తీసిన గొయ్యి, గుట్ట మీది ఇంట్లో గ్లాసులో నీళ్లు, రెండూ ఒకే కాలువకు రెండు కొసలు. పటంలో ఇది ఎన్నోసార్లు చూశాను. వానలో ఏడు మెట్ల కింద గొడుగు పట్టుకుని నిలబడ్డప్పుడు గానీ ఒంటికి ఎక్కలేదు.

బండి నిండేసరికి మధ్యాహ్నం. లుబిగి శుద్ధి కేంద్రం వైపు బయలుదేరాం. 2014లో తెరిచిన ఆ కేంద్రం రోజుకు 50 లక్షల లీటర్ల మురుగునీరు, బండ్ల మీద వచ్చే మలినం 4 లక్షల లీటర్లు తీసుకునేలా కట్టింది. అది రాకముందు ఉత్తరపు బస్తీల బండ్లు కూడా ఊరు దాటి బుగొలోబి శుద్ధి కేంద్రానికి పోవాల్సిందే. దారి పొడవునా డ్రైవరు నాకు తన లెక్క చెప్పాడు. ఇంటివాళ్లు ఇచ్చేది ట్రిప్పుకు. డీజిల్ అయ్యేది దూరానికి. కేంద్రంలో కట్టాల్సింది బండి సైజును బట్టి. రోజుకు నాలుగు ట్రిప్పులు పడితే కుర్రాళ్లకు కూలి, యజమానికి కిస్తీ, తనకు జీతం. రెండే పడితే ఎవరికీ లేదు. "ట్రాఫిక్‌లో రెండు గంటలు పోతే మూడో ట్రిప్పు పోయినట్టే మేడమ్. అప్పుడు కొందరికి చీకట్లో కాలువ కనిపిస్తుంది" అన్నాడు. తను ఆ పని చేశాడో లేదో నేను అడగలేదు.

ఆ మాట విన్న చోట నా చదువు మళ్లీ మొదలైంది. అప్పటిదాకా సమన్వయం అంటే అధికారులు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవడం అనుకున్నాను. నెలకోసారి సమావేశం, మినిట్స్, ఒక ఉపసంఘం. ఈ బండికి ఆ గదితో పని లేదు. శుద్ధి కేంద్రం ఎంత దూరంలో ఉంది, గేటు దగ్గర రుసుము ఎంత, అనుమతి కాగితం తీసుకోవడం ఎంత సులువు, సందు మొగలో బండి నిలపడానికి జాగా ఉందా? ఈ నాలుగింటిని నాలుగు కార్యాలయాలు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కారణాలతో నిర్ణయిస్తాయి. నాలుగూ కలిసి ఏమవుతాయో తేలేది ఈ డ్రైవరు సీట్లో. ఆయన స్టీరింగు కేంద్రం వైపు తిప్పితే సమన్వయం ఉన్నట్టు. కాలువ వైపు తిప్పితే లేనట్టు. లుబిగి తెరిచాక కొన్నేళ్లలోనే అక్కడికి వచ్చే బండ్లు దాని సామర్థ్యాన్ని అందుకున్నాయంటే అది ఏ సమావేశం సాధించిన ఫలితమూ కాదు, దూరం తగ్గిన ఫలితం.

ఒక్కమాట ఇక్కడ చెప్పి తీరాలి. నేను కలిసిన అధికారుల్లో పని ఎగ్గొట్టేవాళ్లు నాకు కనిపించలేదు. ప్రతివాళ్లూ తమ చట్టం గీసిన గీత లోపల గట్టిగానే పనిచేస్తున్నారు. నీళ్ల బిల్లు మీద నడిచే సంస్థ బిల్లు కట్టని గోతి కోసం ఖర్చుపెడితే దాని ఆడిటరు ఊరుకోడు. ఆరోగ్య తనిఖీ అధికారి నోటీసు ఇవ్వగలడు, గొయ్యి కట్టివ్వలేడు. గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. గీతకూ గీతకూ మధ్య మిగిలిన జాగాలో జ్జాజ్జా ఇల్లుంది.

ఆ రాత్రి గదిలో కూర్చుంటే నాకు మన దగ్గర ఒక ఊరు గుర్తొచ్చింది. ఊరి పేరు చెప్పను. అక్కడ పనిచేసిన రోజుల్లో ఒక రైతు నా ఆఫీసుకు మూడుసార్లు వచ్చాడు. రాత్రిళ్లు సెప్టిక్ ట్యాంక్ బండ్లు తన పొలం పక్క పంటకాలువలో పోసి పోతున్నాయని, కూలీలు నీళ్లలో దిగనంటున్నారని చెప్పాడు. కాలువ మాది కాదు. పొలం మా పరిధి అవతల. బండ్లు ప్రైవేటువి. నేను శ్రద్ధగా మూడు చోట్లకు లేఖ రాశాను, చివర ఆ వాక్యంతో సహా. మూడోసారి వచ్చినప్పుడు ఆయన అడిగాడు. "అమ్మా, మీరు రాశారు సరే. ఇంతకీ ఇది ఎవరి పని?" పంపించాం కదండీ, వాళ్లు చూసుకుంటారన్నాను. మళ్లీ రాలేదు. సమస్య తీరి ఉంటుందని అనుకున్నాను. అది తీరి కాదు, నా మీద ఆశ వదులుకుని రాలేదని పన్నెండేళ్ల తర్వాత కంపాలాలో అర్థమైంది. ఆయనా, ఈ డ్రైవరూ అడిగింది ఒకే ప్రశ్న.

ఇది కంపాలా ఒక్కదాని కథ కాదు. 2008 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ముప్పైకి పైగా ఆఫ్రికా దేశాల మంత్రులు కూర్చుని ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. పారిశుధ్యానికి ప్రతి దేశంలోనూ జవాబు చెప్పే ప్రధాన సంస్థ ఒక్కటి ఉండాలని, స్థూల దేశీయోత్పత్తిలో కనీసం 0.5 శాతం దీనికి పెట్టాలని అందులో మాట ఇచ్చారు. జవాబు చెప్పే సంస్థ 'ఒక్కటి' అన్న ఆ మాట నాకు ఇప్పుడు బంగారంలా అనిపిస్తుంది. అప్పట్లో చదివి పక్కన పెట్టాను.

ఆ ఒక్కటిని వెతుక్కోవడంలో ఒక్కో నగరం ఒక్కో దారి పట్టింది. డర్బన్‌లో 2000లో చుట్టుపక్కల స్థానిక సంస్థలన్నీ కలిసి ఒకే మహానగర పాలక సంస్థ అయ్యాయి. నీళ్లు, మురుగు, గోతులు తోడించడం ఒకే విభాగం కిందికి వచ్చాయి. అదే సమయంలో క్వాజులు నాటాల్ రాష్ట్రంలో కలరా లక్షమందికి పైగా సోకింది. ఆ భయం కూడా పని వేగంగా కదలడానికి తోడ్పడింది. సెనెగల్ రాజధాని డకార్‌లో 1996లోనే పారిశుధ్యానికి వేరే జాతీయ సంస్థ పెట్టారు. ఆ తర్వాత గోతులు తోడే బండ్లకు కాల్ సెంటర్ పెట్టి, ఇంటివాళ్లు ఫోన్ చేస్తే బండ్లవాళ్లు సెల్‌ఫోన్‌లో ధర పాడేలా చేశారు. ఎవరు తక్కువ చెబితే వాళ్లకే పని. జాంబియాలో నీటి సంస్థల మీద నియంత్రణ సంస్థ 2018లో ఒక చట్రం తెచ్చింది. పైపు ఉన్న ఇల్లయినా, గొయ్యి ఉన్న ఇల్లయినా పారిశుధ్యం మీ బాధ్యతేనని నీటి సంస్థలకు స్పష్టం చేసింది.

ఈ మూడింటిలో నా మనసు జాంబియా పద్ధతి వైపు మొగ్గుతుంది. పని ఎవరిదో తేల్చి చెప్పారు. కానీ చెప్పడంతో అయిపోదు. రాజధాని లుసాకాలో బస్తీలు సున్నపురాతి పొరల మీద ఉన్నాయి. కన్యామాలో గొయ్యి లోతుగా తవ్వడానికి రాయి అడ్డం, తవ్విన గోతిలోది రాతి పగుళ్ల వెంట పక్క బావిలోకి దిగుతుంది. 2023 అక్టోబరులో మొదలైన కలరా ఆ దేశంలో 700 మందికి పైగా ప్రాణాలు తీసింది. లుసాకాలో ఫుట్‌బాల్ ఆడే హీరోస్ స్టేడియాన్ని ఆసుపత్రి చేశారు. గడిలో పేరు రాయడం మొదటి మెట్టు. ఆ పేరు పక్కన డబ్బు, మనుషులు, బండ్లు చేరడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో పిల్లలు పోతారు. ఈ మాట రాస్తుంటే నాకు చేయి ఆడడం లేదు. కానీ దీన్ని దాచి పద్ధతుల గురించి మాత్రమే రాస్తే మళ్లీ పాత వాక్యం దగ్గరికే పోతాను.

కంపాలాలోనూ తర్వాతి ఏళ్లలో కొన్ని కదిలాయి. నగర పాలక సంస్థ గొయ్యి తోడించడానికి ఉచిత కాల్ సెంటర్ పెట్టింది. బండ్లకు జీపీఎస్ పరికరాలు వచ్చాయి. 'వెయోంజె' అన్న పేరుతో ప్రచారం సాగింది. కబుయోంజోలో ఉన్న ఆ శుభ్రమే అందులోనూ ఉంది, నిన్ను నువ్వు శుభ్రం చేసుకో అని దాని అర్థం. అదే నగరం అప్పట్లో చెత్త పోసే కితీజీ డంపింగ్ యార్డు ఉన్నది మాత్రం వాకిసో జిల్లాలో. 2024 ఆగస్టు 10న వానకు ఆ చెత్తకొండ విరిగి ఇళ్ల మీద పడింది. 30 మందికి పైగా చనిపోయారు. వార్త చదివినప్పుడు జ్జాజ్జా ఇంటి మూల గోనెపట్టా మీద పోసిన చెత్త గుర్తొచ్చింది. అది కూడా ఏదో ఒకరోజు కితీజీకే చేరి ఉంటుంది.

డర్బన్ గురించి ఇంకో సంగతి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. పందొమ్మిదో శతాబ్దం చివర నుంచి దాదాపు ఎనభై ఏళ్లు ఆ ఊరి మున్సిపాలిటీ పనివాళ్లు మ్యాగజైన్ బ్యారక్స్ అనే వరస ఇళ్లలో ఉండేవారు. వీధులు ఊడ్చి, చెత్త ఎత్తి నగరాన్ని శుభ్రంగా ఉంచిన ఆ భారతీయుల్లో మద్రాసు రేవు నుంచి ఓడెక్కిన తమిళులు, తెలుగువాళ్లు ఉన్నారు. నా చిన్నప్పుడు తాతగారి ఊళ్లో పెరటి గోడకు వెనకవైపు ఒక చిన్న తలుపుండేది. పొద్దున్నే ఒకామె ఆ తలుపులోంచి వచ్చి మరుగుదొడ్డి బకెట్టు మార్చి అదే దారిన వెళ్లిపోయేది. ఆమె పేరు మాకెవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. పేరు లేని గడి నేను కంపాలాలో మొదటిసారి చూడలేదు. మా పెరట్లోనే చూశాను. చూస్తూ పెరిగాను కాబట్టే అది ఖాళీగా ఉందని నాకు తోచలేదు.

నివేదిక రెండో ప్రతిలో ఆ నాలుగు గడుల్లో ఉన్న మాట కొట్టేశాను. దాని బదులు "ఎవరూ లేరు" అని రాశాను. పక్కన ఇంకో నిలువు గడి కలిపి "ప్రస్తుతం ఎవరు చేస్తున్నారు" అని పేరు పెట్టి, నూట నలభై అడుగుల వరసలో "గల్పర్ కుర్రాళ్లు, ఇద్దరు, రోజు కూలి" అని రాశాను. నేల సొంతదారుకు కొత్త వరస వేశాను. ప్రతి కార్యాలయం ఎదురుగా రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి నంబరు అడిగి రాసుకున్నాను. ఏడు నంబర్లు దొరికాయి. బృందంలో పెద్దాయన ఒకరు, ఎవరూ లేరని రాస్తే కార్యాలయాలు నొచ్చుకుంటాయి, కాస్త మెత్తగా రాయమన్నారు. ఆయన మాట ఎప్పుడూ కాదనని దాన్ని, ఆ ఒక్కసారి కాదన్నాను.

నొచ్చుకున్నారు కూడా. రెండో సమావేశంలో ఆ వరస దగ్గర ముప్పావు గంట ఆగాం. ఒకరు చట్టం తీసి చదివారు. ఇంకొకరు బడ్జెట్ హెడ్ లేదన్నారు. గొంతులు లేచాయి. మొదటి సమావేశంలో అందరూ తలలూపారు, ఎవరి మీదా ఏమీ పడలేదు కాబట్టి. ఇప్పుడు పడుతోంది. చివర వరసలో డ్రైవరు అదే పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి ఆయన ఏమీ అడగలేదు.

టీ ఇచ్చాక ఒక అధికారిణి లేచి గోడకున్న పెద్ద కాగితం దగ్గరికి వెళ్లింది. "ఎవరూ లేరు" అన్నచోట పెన్సిల్‌తో తన విభాగం పేరు రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. కాసేపు చూసి, చెరిపి, కింద సన్నగా తన సొంత ఫోన్ నంబరు రాసింది. ఆరు నెలలు ప్రయత్నించి చూస్తానని, ఆ తర్వాత ఇది ఎవరిదో తేల్చాలని చెప్పింది. డ్రైవరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ముందుకు నడిచి వెళ్లి, ఆ నంబరును ఒక్కో అంకే పలుకుతూ పుస్తకంలో ఎక్కించుకున్నాడు. ఆమె రాసిన ఏడు సరిగ్గా కనపడలేదేమో, ఇది ఒకటా ఏడా అని అడిగాడు.

"ఏడు" అందామె.